జిర్కోనియానా, ఈ-మ్యాక్సా, మెటల్ సిరామిక్కా? ఒకే నోట్లో రెండు బ్రిడ్జిలకు రెండు సమాధానాలు

ప్రశ్న: నా వయసు 46. నల్గొండ జిల్లాలో హైస్కూల్ టీచర్‌ని. కింద కుడివైపు మొదటి పెద్ద దవడ పన్ను మూడేళ్ల క్రితం తీసేశారు. దానికి అటూ ఇటూ ఉన్న పళ్లకు ఇప్పటికే రూట్ కెనాల్ అయింది కాబట్టి ఇంప్లాంట్ కన్నా బ్రిడ్జే మేలని డాక్టరు గారు అన్నారు. పైన ముందువైపు పెళ్లికి ముందు వేయించుకున్న మెటల్ సిరామిక్ బ్రిడ్జి ఉంది. మధ్య పన్ను నుంచి కోర పన్ను దాకా మూడు పళ్లది. ఇప్పుడు చిగురు దగ్గర నల్లగీత కనపడుతోంది, నవ్వాలంటే ఇబ్బందిగా ఉంది. దాన్నీ మార్చాలి. నోట్లో స్కాన్ చేసి కంప్యూటర్‌తో తయారు చేస్తారట. మామూలు జిర్కోనియా, మల్టీలేయర్ జిర్కోనియా, ఈ-మ్యాక్స్, మెటల్ సిరామిక్ అని నాలుగు రేట్లు చెప్పారు. ఈ-మ్యాక్స్ అన్నిటికన్నా అందంగా ఉంటుందని తోటి టీచర్ అంటోంది. జిర్కోనియా మరీ గట్టిది, ఎదురు పన్ను అరిగిపోతుంది, పాత మెటలే నయం అని మా వారు అంటున్నారు. చిన్నప్పుడు తాగిన ఫ్లోరైడ్ నీళ్ల వల్ల నా పళ్ల మీద గోధుమరంగు చారలున్నాయి. ఏది వేయించుకోవాలో తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది. రెండు బ్రిడ్జిలూ ఒకేసారి చేయించుకోవచ్చా?

సమాధానం: టీచర్ గారూ, మీకు చెప్పిన నాలుగు రేట్లలో ఒకటి ఎంచుకుని రెండు చోట్లా అదే వేయించుకోవాలన్న నియమం ఏమీ లేదు. దవడ వైపు బ్రిడ్జి బరువు మోయాలి. ముందు బ్రిడ్జి వెలుతురులో నిలబడాలి, లోపలి నలుపును దాచాలి. ఈ రెండు పనులకూ ఒకే మెటీరియల్ సరిపోవడం అరుదు. ఒక్కొక్క చోటి గురించి విడిగా చెబుతాను. మీ నోరు చూడకుండా రాస్తున్నాను కాబట్టి, మీ డాక్టరు గారు కళ్లారా చూసి నాకు భిన్నంగా చెబితే కారణం అడిగి ఆయన మాటే వినండి.

మొదట దవడ వైపు సంగతి. ఇక్కడ ఈ-మ్యాక్స్ మాట పక్కన పెట్టేయండి. అది లిథియం డైసిలికేట్ అనే గాజు జాతి సిరామిక్. 2005 నుంచి ఈ పేరుతో వస్తోంది. ఒక్క పన్ను క్యాప్‌కు చాలా మంచి మెటీరియల్, నేనూ విరివిగా వాడతాను. కానీ బ్రిడ్జికి తయారీ కంపెనీయే హద్దు గీసింది. మూడు పళ్లకు మించకూడదు, చివరి ఆసరా పన్ను రెండో చిన్న దవడ పన్ను దాటకూడదు. మీ బ్రిడ్జికి వెనక ఆసరా పెద్ద దవడ పన్నే. అంటే అది కంపెనీ చెప్పిన హద్దుకు బయట ఉంది. ఎవరైనా అక్కడ ఈ-మ్యాక్స్ బ్రిడ్జి వేస్తామంటే మొహమాటపడకుండా వద్దనండి.

కారణం కూడా చెబుతాను. బ్రిడ్జి సాధారణంగా పన్ను మధ్యలో విరగదు. పన్నుకీ పన్నుకీ కలిపే సన్నటి చోట విరుగుతుంది. మేం దాన్ని కనెక్టర్ అంటాం. మధ్యలో ఉన్న డమ్మీ పన్ను మీద మీరు గట్టిగా నమిలినప్పుడు బ్రిడ్జి కంటికి కనపడనంతగా కిందికి వంగుతుంది. అప్పుడు కనెక్టర్ పైభాగం నొక్కుకుంటుంది, చిగురు వైపు భాగం సాగదీసినట్టవుతుంది. సిరామిక్ ఏదైనా నొక్కుడుకు తట్టుకుంటుంది, సాగదీస్తే తట్టుకోలేదు. పగులు అందుకే చిగురు వైపు నుంచి మొదలవుతుంది. దీనికి మందు కనెక్టర్‌ను లావుగా చేయడం. అందులోనూ వెడల్పు కన్నా ఎత్తు ముఖ్యం. వెడల్పు రెట్టింపు చేస్తే బలం రెండింతలవుతుంది, ఎత్తు రెట్టింపు చేస్తే నాలుగింతలవుతుంది. డమ్మీ పన్ను ఒకటి కాక రెండు ఉంటే, అంటే మధ్య ఖాళీ రెట్టింపయితే, వంగడం ఎనిమిదింతలవుతుంది. పొడవాటి బ్రిడ్జిలకు మేం భయపడేది ఇందుకే. మీది ఒక్క పన్ను ఖాళీ కాబట్టి ఆ భయం లేదు.

ఇప్పుడు బలం అంకెలు. వంపు బలాన్ని, అంటే వంచితే విరగకుండా ఎంత తట్టుకుంటుందన్న దాన్ని, మెగాపాస్కల్స్‌లో కొలుస్తారు. మెటల్ సిరామిక్‌లో మెటల్ మీద పూత వేసే పోర్సిలిన్‌కు అది సుమారు 70 నుంచి 100 దాకా. లిథియం డైసిలికేట్‌కు 400 నుంచి 500 ప్రాంతం. జిర్కోనియా అంటే జిర్కోనియం అనే లోహపు ఆక్సైడ్‌తో చేసే సిరామిక్, అందులో మామూలు రకానికి 1000 పైనే. దంత సిరామిక్స్‌కు ఐఎస్‌ఓ 6872 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది. పెద్ద దవడ పన్ను ఉన్న మూడు పళ్ల బ్రిడ్జికి కనీసం 500, నాలుగు పళ్లు అంతకు మించితే 800 ఉండాలని అది అంటుంది. ఈ లెక్కలోనూ మీ దవడకు జిర్కోనియానే మిగులుతుంది.

అయితే జిర్కోనియా అంటే ఒక్కటే రకం కాదు. షాపుల్లో, క్లినిక్కుల్లో చాలామందికి తెలియనిదీ, తెలిస్తే మీ ప్రశ్న సగం తేలిపోయేదీ ఇదే. జిర్కోనియాలో యిట్రియా అనే పదార్థం కలుపుతారు. అది 3 మోల్ శాతం ఉంటే 3వై అంటారు, తర్వాత 4వై, 5వై. 3వై అన్నిటికన్నా బలమైనది. అందులో పగులు మొదలైతే ఆ చోట రేణువులు రూపం మార్చుకుని సుమారు 4 శాతం ఉబ్బుతాయి. ఆ ఉబ్బు పగులును చుట్టూ నుంచి నొక్కి ముందుకు పోనివ్వదు. ఈ గుణాన్ని 1975లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు లోకానికి చూపించారు. దంతవైద్యం దాన్ని ఆ తర్వాత అందుకుంది. యిట్రియా పెంచే కొద్దీ జిర్కోనియాలోంచి వెలుతురు ఎక్కువగా పోతుంది, పన్ను సహజంగా కనిపిస్తుంది. కానీ ఈ ఉబ్బి ఆపే గుణం తగ్గిపోతుంది. అందుకే 4వై బలం సుమారు 700 నుంచి 900కు, 5వై బలం 500 నుంచి 700కు దిగుతుంది. అందం కావాలంటే కొంత బలం వదులుకోవాల్సిందే. రెండూ నూటికి నూరు పాళ్లు ఇచ్చే జిర్కోనియా ఇంకా రాలేదు.

మల్టీలేయర్ అన్న మాట విని ఎక్కువ రేటు ఇచ్చే ముందు ఒక ప్రశ్న అడగండి: 'పొరల్లో మారేది రంగు మాత్రమేనా, లేక యిట్రియా కూడా మారుతుందా?' బ్రిడ్జిని జిర్కోనియా బిళ్లలోంచి కోస్తారు, దాన్ని డిస్కు అంటారు. కొన్ని డిస్కుల్లో రంగు ఒక్కటే చిగురు వైపు ముదురుగా, కొన వైపు లేతగా మారుతుంది, బలం అంతటా ఒకటే. ఇంకొన్నింట్లో కింది పొర 3వై, పై పొర 5వై ఉంటుంది. రెండో రకంలో డిస్కులో బ్రిడ్జిని ఎక్కడ నిలబెట్టి కోస్తారన్నది ముఖ్యం. కనెక్టర్ బలమైన పొరలో పడాలి. ఈ సంగతి ల్యాబ్ టెక్నీషియన్‌కు తెలుసు, అడిగితే డాక్టరు గారు కనుక్కుని చెబుతారు.

మీ దవడకు నా సలహా 3వై లేదా 4వై, మోనోలిథిక్. అంటే మీద పోర్సిలిన్ పూత లేకుండా మొత్తం ఒకే ముక్క. జిర్కోనియా కొత్తగా వచ్చినప్పుడు లోపల తెల్లటి చట్రం చేసి మీద పోర్సిలిన్ వేసేవారు. ఆ పోర్సిలిన్ పెచ్చులు పెచ్చులుగా లేచిపోవడం అప్పట్లో పెద్ద తలనొప్పి. పూత లేకపోతే ఆ బెడద ఉండదు. పైగా పన్ను అరగదీయడం కూడా తగ్గుతుంది. నమిలే వైపు 1 మిల్లీమీటరు చోటు దొరికితే సాధారణంగా సరిపోతుంది. మెటల్ సిరామిక్‌కు ఒకటిన్నర నుంచి 2 కావాలి.

చోటు విషయంలో మీరు ఒకటి గమనించాలి. పన్ను తీసి మూడేళ్లయింది కదా. ఎదురు లేని పై పన్ను కిందికి దిగి ఉండవచ్చు, వెనక పన్ను ఖాళీ వైపు ఒరిగి ఉండవచ్చు. అప్పుడు కనెక్టర్‌కు ఎత్తు దొరకదు. 3వై బ్రిడ్జికి దవడ వైపు కనీసం 9 చదరపు మిల్లీమీటర్ల కనెక్టర్ కావాలి. వెలుతురు ఎక్కువగా పోనిచ్చే రకాలకు 12 నుంచి 16 అడిగే కంపెనీలున్నాయి. స్కాన్ అయ్యాక డిజైన్ సాఫ్ట్‌వేర్ తెర మీద ఈ అంకె కనపడుతుంది. మిల్లింగ్‌కు, అంటే మెషీన్‌లో కోయడానికి, పంపే ముందు దాన్ని మీకు చూపించమని అడగండి. ఏ డాక్టరూ కాదనరు. చోటు మరీ తక్కువైతే పై పన్నును కొద్దిగా సవరించాల్సి రావచ్చు, లేదా మీ వారు చెప్పిన మెటలే సరైనది కావచ్చు. పలచగా చేసినా నిలిచేది మెటల్ ఒక్కటే.

మీ వారి మాట తోసిపుచ్చదగ్గది కాదు. మెటల్ సిరామిక్ 1960ల నుంచి ప్రపంచమంతా నోళ్లలో పనిచేస్తోంది. పొడవాటి బ్రిడ్జిలకు నేను ఇప్పటికీ దాన్నే ఎంచుకునే సందర్భాలున్నాయి. మన దగ్గర తక్కువ రేటులో వాడే మెటల్ చాలావరకు నికెల్-క్రోమియం. గిల్టు కమ్మలు పెట్టుకుంటే మీకు చెవులు ఎర్రబడి దురద పెడతాయా? అయితే నికెల్ మీకు పడదు, ఆ సంగతి డాక్టరు గారికి ముందే చెప్పండి.

ఎదురు పన్ను అరుగుతుందన్న భయం మాత్రం వదిలేయండి. ఎదురు పన్నును అరగదీసేది గట్టిదనం కాదు, గరుకుదనం. అద్దంలా పాలిష్ చేసిన జిర్కోనియా పోర్సిలిన్ కన్నా ఎదురు ఎనామెల్‌ను తక్కువ అరగదీస్తుందని పరీక్షల్లో తేలింది. ప్రమాదం ఎక్కడంటే, బ్రిడ్జి పెట్టాక 'ఎత్తుగా ఉంది డాక్టరు గారూ' అంటే బర్ అనే అరగదీసే మొనతో నమిలే చోట కాస్త అరగదీస్తారు. అక్కడ మెరుపు పోయి గరుకు తేలుతుంది. దాన్ని జిర్కోనియా కోసమే వచ్చే డైమండ్ రబ్బరు పాలిషర్లతో మళ్లీ నునుపు చేయాలి. నీళ్లు పోస్తూ ఐదు నిమిషాలు చేసే పని. సాయంత్రం రద్దీలో ఇది ఎగిరిపోతుంటుంది. కుర్చీలోంచి లేచే ముందు నాలుకతో ఆ చోట తడిమి చూడండి. గీసుకున్నట్టు అనిపిస్తే మళ్లీ పాలిష్ చేయించుకున్నాకే లేవండి. మీరు నిద్రలో పళ్లు కొరికే మనిషైతే రాత్రిపూట పళ్లకు తొడుక్కునే నైట్ గార్డ్ కూడా కావాలి.

ఇప్పుడు ముందు బ్రిడ్జి. నిజానికి కష్టమైనది ఇదే. లెక్క ప్రకారం ఇక్కడ ఈ-మ్యాక్స్ కుదురుతుంది, మూడు పళ్ల బ్రిడ్జి ముందు వైపు కంపెనీ హద్దులోనే ఉంది. మీ తోటి టీచర్ చెప్పినట్టు వెలుతురు పడ్డప్పుడు అది అసలు పన్నుకు బాగా దగ్గరగా ఉంటుంది. కానీ ఆ అందమే మీకు ఇబ్బంది తెచ్చే అవకాశం ఉంది. పాత మెటల్ సిరామిక్ కింద ఉన్న పన్ను చాలాసార్లు నల్లబడి ఉంటుంది. రూట్ కెనాల్ చేసి, పన్ను వేరులోకి దించే మెటల్ కడ్డీ (పోస్ట్) పెట్టి ఉంటే మరీను. వెలుతురును పోనిచ్చే సిరామిక్ ఆ నలుపును కూడా బయటికి పోనిస్తుంది. కొత్త బ్రిడ్జి పెట్టినా మధ్య పన్ను బూడిదరంగులో కనిపించి, మీరు పారిపోదామనుకున్న నల్లగీత ఇంకో రూపంలో తిరిగొస్తుంది. 5వై జిర్కోనియాకూ ఇదే ఇబ్బంది. పైగా ఈ-మ్యాక్స్ బ్రిడ్జికి కనెక్టర్ 16 చదరపు మిల్లీమీటర్లు కావాలి. ముందు పళ్లలో అంత లావు పెడితే పళ్ల మధ్య సందు మూసుకుపోయి మూడూ కలిసి ఒకే పలకలా కనిపిస్తాయి.

కాబట్టి పాత బ్రిడ్జి తీసిన రోజున లోపలి పళ్ల రంగు చూశాకే మెటీరియల్ తేల్చాలి. లోపల పళ్లు లేత రంగులో ఉండి, ఎత్తు బాగా ఉంటే ఈ-మ్యాక్స్ వేయించుకోండి, నాకు అభ్యంతరం లేదు. నల్లగా ఉంటే 4వై జిర్కోనియాతో చట్రం చేసి, పెదవి వైపు మాత్రం అర మిల్లీమీటరు దాకా తగ్గించి అక్కడ పలచగా పోర్సిలిన్ వేయించండి. నాలుక వైపు, కింది పళ్లు తగిలే చోట, కనెక్టర్ల దగ్గర పూత ఉండకూడదు. అప్పుడు పెచ్చు లేచే భయం చాలావరకు తగ్గుతుంది, ముందు నుంచి చూస్తే లోతు కనిపిస్తుంది. మీరు రాసిన వివరాలను బట్టి మీకు ఎక్కువగా ఇదే కుదురుతుందని నాకనిపిస్తోంది.

ఫ్లోరైడ్ చారల గురించి మీరు రాయడం చాలా మంచిదైంది. ఎనామెల్ తయారయ్యే చిన్నవయసులో తాగిన నీళ్ల వల్ల ఏర్పడ్డ మచ్చలవి. ఆ తర్వాత ఎంత మంచి నీళ్లు తాగినా పోవు. వాటి విషయంలో మీరు ముందే ఒక నిర్ణయం తీసుకోవాలి: మిగతా పళ్లను తెల్లబరుచుకుంటారా, అలాగే ఉంచుకుంటారా? మైక్రోఅబ్రేషన్ (మచ్చలున్న పైపొరను పలచగా రుద్ది తీయడం), బ్లీచింగ్ లాంటివి చేయించుకోదలిస్తే బ్రిడ్జి కన్నా ముందే చేయించాలి. సిరామిక్ ఏదీ బ్లీచింగ్‌కు రంగు మారదు. బ్లీచింగ్ అయ్యాక పళ్ల రంగు స్థిరపడటానికి రెండు వారాలు ఆగి అప్పుడు షేడ్, అంటే బ్రిడ్జికి సరిపోయే రంగు, తీసుకోవాలి. చేయించుకోనంటే, కొత్త బ్రిడ్జిలో కూడా సన్నటి గోధుమ చారలు, తెల్ల మచ్చలు పెట్టించమని అడగండి. మచ్చలున్న పళ్ల మధ్య మచ్చలేని మూడు పళ్లు దూరం నుంచే పట్టిస్తాయి. మామూలు షేడ్ గైడులో ఉండేవి 16 రంగులు. వాటిలో ఏదీ ఫ్లోరైడ్ మచ్చలున్న పన్నుకు అచ్చంగా కలవదు. ఫొటోలు కావాలి. వీలైతే ల్యాబ్ టెక్నీషియన్ మిమ్మల్ని స్వయంగా చూడాలి. షేడ్ పగటి వెలుతురులో, పని మొదలుపెట్టక ముందే తీసుకోవాలి. నోరు తెరిచి కాసేపు ఉంచితే పళ్లు ఆరిపోయి ఉన్నదాని కన్నా తెల్లగా కనిపిస్తాయి. ఆ రోజు లిప్‌స్టిక్ వేసుకోకండి, ముదురు రంగు చీర కాకుండా లేత రంగుది కట్టుకుని వెళ్లండి.

స్కాన్ చేసి తయారు చేయడంలో మీకు దక్కే అసలు లాభం ఒకటుంది. కంప్యూటర్‌లో చేసిన డిజైన్‌ను ముందుగా పీఎంఎంఏ అనే అక్రిలిక్ ప్లాస్టిక్‌లో కోయించి కొన్ని వారాలు పెట్టుకు చూడవచ్చు. రోజంతా పిల్లలకు పాఠం చెప్పేవారికి ఇది చాలా అవసరం. పై ముందు పళ్ల పొడవు, లోపలి వైపు మందం కాస్త మారినా స, శ, ఫ పలకడంలో తేడా వస్తుంది. తరగతిలో మాట్లాడి చూడండి, అన్నం తినండి, ఇంట్లో వాళ్ల ముందు నవ్వండి. బాగోలేనిది తెర మీద సవరిస్తారు. మీరు సరేనన్నాక అదే ఆకారాన్ని జిర్కోనియాలో కోస్తారు. కోసేటప్పుడు జిర్కోనియా సుద్దముక్కలా మెత్తగా ఉంటుంది. 20 నుంచి 25 శాతం పెద్దదిగా కోసి, 1500 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో కాలిస్తే కుదించుకుని అసలు సైజుకు, అసలు బలానికి వస్తుంది. పీఎంఎంఏని మాత్రం పర్మనెంట్ అని ఎవరైనా చెబితే నమ్మకండి. ప్రింటర్‌లో చేసే రెసిన్ బ్రిడ్జిలకూ ఇదే మాట. తాత్కాలికంగా అవి చక్కగా పనికొస్తాయి, అంతవరకే.

స్కాన్ రోజున చిగుళ్లు ఆరోగ్యంగా ఉండాలి. రక్తం, ఉమ్ము ఉన్న చోట స్కానర్‌కు పన్ను అంచు కనపడదు. అంచు కనపడకపోతే సాఫ్ట్‌వేర్ ఊహించి గీత గీస్తుంది. బ్రిడ్జి అక్కడ సరిగా కూర్చోదు, నెమ్మదిగా పుచ్చు మొదలవుతుంది. రెండు వారాల ముందే క్లీనింగ్ చేయించుకోండి.

అతికించే విషయం డాక్టరు గారి పని కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఈ-మ్యాక్స్‌ను ఆసిడ్‌తో గరుకు చేసి రెసిన్ సిమెంటుతో అతికిస్తారు. జిర్కోనియాకు ఆ ఆసిడ్ పట్టదు. లోపలి వైపు సన్నటి అల్యూమినా పొడి కొట్టి, ఎండీపీ అనే అతుక్కునే రసాయనం ఉన్న ప్రైమర్ రాస్తారు. మీ ఆసరా పళ్లు పొట్టిగా ఉంటే ఇది తప్పనిసరి. రూట్ కెనాల్ అయిన పళ్లకు చిగురు పైన చుట్టూ కనీసం 2 మిల్లీమీటర్ల గట్టి పన్ను మిగిలి ఉందో లేదో కూడా అడగండి. అది లేని పన్ను మీద ఏ జిర్కోనియా పెట్టినా బ్రిడ్జితో సహా విరిగి ఊడివచ్చే ప్రమాదం ఎక్కువ.

జిర్కోనియాకు ల్యాబ్ వాళ్లు వారంటీ కార్డు ఇస్తారు. పదేళ్లని, పదిహేనేళ్లని రాసి ఉంటుంది. ఆ వారంటీ బ్రిడ్జి ముక్కకే, కింద ఉన్న పన్నుకు కాదు. బ్రిడ్జి తీసేయాల్సి వచ్చే కేసుల్లో మేం తరచుగా చూసేవి ఆసరా పన్ను పుచ్చిపోవడం, సిమెంటు వదిలేయడం. అవి కార్డులో రావు. కార్డు మీద కంపెనీ పేరుతో పాటు 3వైనో 4వైనో రాయించుకుని దాచండి. రేపు ఏదైనా అయితే ఇంకో డాక్టరుకు అది పనికొస్తుంది. డమ్మీ పన్ను కింద రోజూ రాత్రి సూపర్ ఫ్లాస్ గానీ చిన్న ఇంటర్‌డెంటల్ బ్రష్ గానీ పెట్టి శుభ్రం చేయాలి. బ్రిడ్జి పెట్టిన రోజే అద్దం ముందు చేసి చూపించమనండి.

రేటు పళ్ల లెక్కన, అంటే ఒక్కో బ్రిడ్జికి మూడు యూనిట్లుగా వేస్తారు. పీఎంఎంఏ ట్రయల్, లోపల పోస్ట్ మార్చాల్సి వస్తే దాని ఖర్చు అందులో కలిశాయో లేదో ముందే కాగితం మీద రాయించుకోండి.

ఇక మీ చివరి ప్రశ్న. రెండూ ఒకేసారి వద్దు. మొదట దవడ బ్రిడ్జి పూర్తి చేయించండి. నమలడం కుదుటపడి, వెనక పళ్లు సరిగా ఆనుతుంటే ముందు పళ్ల మీద బరువు తగ్గుతుంది, అక్కడి ఎత్తు కూడా నిశ్చింతగా తేల్చవచ్చు. ఆ తర్వాత పాత ముందు బ్రిడ్జి తీయించి, లోపలి రంగు చూసి, పీఎంఎంఏతో కొన్ని వారాలు గడిపి, అప్పుడు పర్మనెంట్‌ది వేయించుకోండి. వేసవి సెలవుల్లో పాత బ్రిడ్జి తీయిస్తే, బడి తెరిచిన మొదటి వారాల్లో ట్రయల్ బ్రిడ్జితో పాఠాలు చెప్పి చూడవచ్చు. పాత బ్రిడ్జి తీశాక లోపలి పళ్లు ఏ రంగులో ఉన్నాయో ఫొటో తీయించి నాకు మళ్లీ రాయండి.